గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు

తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం. అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిని ఊళ్లో ఇప్పటికీ పెద్దాసుపత్రి అనే అంటారు. క్యాజువాల్టీలో డ్రెస్సింగ్ బల్ల పక్కన, కిటికీ గట్టు మీద, స్టాండులో ఒక గాజు గొట్టం నిలబెట్టి ఉంది. అందులో రెండు మిల్లీలీటర్ల రక్తం. కింద చింపిన కాగితం ముక్క మీద బాల్‌పెన్నుతో రాసిన టైము: 7.10. తెల్లారకముందే మిరప తోటకు నీళ్లు పెట్టబోతే మడమ దగ్గర ఏదో కుట్టిందని వచ్చిన రైతు రక్తమది. "ఏం పామో చూసినవా, పెద్దయ్యా?" అని హౌస్ సర్జన్ అడిగితే "చీకట్ల ఏం కనవడ్తది సారూ" అన్నాడాయన. పాము ఏదైనా ముందు తేల్చుకోవలసింది విషం రక్తంలోకి ఎక్కిందా లేదా అన్నది. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అందుకే ఆ గొట్టాన్ని ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. మిషన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. గొట్టం మాత్రం గాజుదే కావాలి. పొడిగా ఉండాలి, సబ్బు తగిలింది కాకూడదు. ప్లాస్టిక్ గొట్టంలోనో, సబ్బు జిడ్డు మిగిలిన గొట్టంలోనో పోస్తే మామూలు రక్తం కూడా గడ్డకట్టకుండా ఉండిపోయి వైద్యుణ్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఆ గొట్టానికి కాపలా కాస్తున్న హౌస్ సర్జన్ కిర్గిజ్‌స్తాన్‌లో చదివి వచ్చాడు. రక్తపింజర ఆ దేశంలో లేదు. అక్కడి ఆసుపత్రుల్లో అతను చూసిన రోగాలు వేరు, రోగులతో మాట్లాడవలసి వచ్చిన భాష వేరు. "ఈ టెస్టు గురించి కోచింగ్‌లో చదివాను. గాజుదే ఎందుకు కావాలో మాత్రం ఇక్కడ సిస్టర్ చెబితే తెలిసింది" అన్నాడు, ఏ మొహమాటమూ లేకుండా. విదేశాల్లో ఎంబీబీఎస్ చదివి వచ్చినవాళ్లు, అందరూ ఎఫ్‌ఎంజీలు అని పిలిచేవాళ్లు, ఇక్కడ లైసెన్సున్న డాక్టర్లు ఎలా అవుతారో చూద్దామని హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటరుకూ, ఆ తర్వాత ఈ ఆసుపత్రికీ వెళ్లాను. చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: మన దృష్టి అంతా మూడు వందల ప్రశ్నల పరీక్ష మీదే ఉంది. ఎంతమంది పాసయ్యారు, ఎంతమంది తప్పారు, పేపరు కఠినమా సులువా అన్న చర్చే నడుస్తోంది. డాక్టరు తయారయ్యేది మాత్రం ఆ తర్వాత వచ్చే పన్నెండు నెలల్లో. ఆ పన్నెండు నెలలను కాగితాల మీద వెళ్లదీసే కాలంగా చూస్తున్నంతవరకు పరీక్షను ఎంత గట్టిగా పెట్టినా రోగికి దక్కే భద్రత సగమే.

ముందు దారి ఎలా ఉందో చెప్పాలి. 2001లో భారత వైద్య మండలి చట్టాన్ని సవరించి, 2002లో స్క్రీనింగ్ టెస్టు నిబంధనలు తెచ్చారు. అప్పటి నుంచి విదేశీ డిగ్రీతో వచ్చిన భారతీయులు జాతీయ పరీక్షల బోర్డు నిర్వహించే ఎఫ్‌ఎంజీఈ రాయాలి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పీజీ చేసి అక్కడ గుర్తింపు పొందినవారికి మినహాయింపు ఉంది. 2018 నుంచి విదేశానికి వెళ్లాలన్నా నీట్ పాసై ఉండాలి. 2021 నవంబరు 18న జాతీయ వైద్య కమిషన్ ఇంకా గట్టి నిబంధనలు విడుదల చేసింది. ఆ తేదీ తర్వాత చేరినవారికి కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్‌లో సాగాలి, అదే విదేశీ సంస్థలో పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో ప్రాక్టీసుకు రిజిస్టరయ్యే అర్హత ఉండాలి, చేరిన పదేళ్లలోపు మొత్తం ముగించాలి. ఇదంతా అయ్యాక ఎఫ్‌ఎంజీఈ. అది గట్టెక్కాక రాష్ట్ర వైద్య మండలిలో ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్, ఇక్కడ మరో పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్, చివరికి పర్మనెంట్ రిజిస్ట్రేషన్. ఈ చివరిదాన్ని పిల్లలు పీఆర్ అంటారు. విదేశంలో స్థిరపడినవాళ్ల నోట వినపడే పీఆర్ వేరు, ఇది వేరు. ఇది సొంత దేశంలో స్థిరపడడానికి.

కోచింగ్ సెంటరు హాలులో నేను కూర్చున్న రోజు నడిచింది కమ్యూనిటీ మెడిసిన్. మూడు వందల మార్కుల్లో దీనికి ముప్పై. జనరల్ మెడిసిన్‌కు 33, జనరల్ సర్జరీకి 32, గైనకాలజీకి 30 అని చెబితే దీని బరువు ఎంతో తెలుస్తుంది. తెర మీద టీకాల పట్టిక. పుట్టగానే బీసీజీ ఎడమ భుజానికి, నెలలోపు పసికందైతే 0.05 మిల్లీలీటర్లు, నెల దాటితే 0.1. తొమ్మిది నెలలకు మీజిల్స్ రుబెల్లా కుడి భుజానికి. ఊళ్లో ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు ఇది చేతివేళ్ల మీద ఉండే సంగతి. ఆరేళ్లు రష్యాలోనో జార్జియాలోనో చదివి వచ్చినవాళ్లు దీన్ని కంఠస్థం చేస్తున్నారు. వాళ్లు చదివిన దేశాల్లో టీకాల కాలపట్టిక వేరు, క్షయ వేరు, మలేరియా దాదాపు కనబడదు. హాలులో ఎక్కువమంది రెండోసారో మూడోసారో రాస్తున్నవాళ్లే. అధ్యాపకుడు ప్రతి స్లైడుకూ ఒక కొండగుర్తు చెబుతున్నాడు, పిల్లలు దాన్ని వల్లిస్తున్నారు. సబ్జెక్టులు పందొమ్మిది, చేతిలో ఉన్నవి ఆరు నెలలు. ఇది చదువు కాదని తేలిగ్గా తీసిపారేయలేను. జ్ఞాపకం లేని వైద్యుడు కూడా ప్రమాదకారే. కాకపోతే ఆ హాలులో ఒక్క పసిబిడ్డ భుజం లేదు, ఒక్క సూది లేదు. పట్టిక ఉంది.

ఈ పరీక్ష మీద వినిపించే మొదటి అభ్యంతరం అది క్రూరమైనదని, కావాలని ఫెయిల్ చేయడానికే పెట్టారని. నాకలా కనబడలేదు. ఒకే రోజు రెండు పేపర్లు, ఒక్కోటి 150 ప్రశ్నలు, ఒక్కోదానికి 150 నిమిషాలు. పాసుకు 150 మార్కులు, అంటే సగం. తప్పు రాస్తే మార్కులు కోయరు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఏదో ఒకటి నొక్కుకుంటూ పోయినా డెబ్బై అయిదు దరిదాపుల్లో వస్తాయి. ఇక సంపాదించవలసింది మరో డెబ్బై అయిదు. సబ్జెక్టువారీ కనీస మార్కుల నిబంధన కూడా లేదు కాబట్టి ఒకదానిలో పోయింది మరొకదానిలో పూడ్చుకోవచ్చు. ఏటా రెండుసార్లు, జూన్‌లోనూ డిసెంబరులోనూ, రాయవచ్చు. ఇంత వెసులుబాటున్న పరీక్షను మరీ సడలించమనడం సమంజసం కాదు. రేపు క్యాజువాల్టీలో కూర్చోబోయే మనిషికి మందుల గురించి, మానవ శరీరం గురించి సగం ప్రశ్నలకైనా జవాబు తెలియాలని రోగి ఆశించడం అత్యాశా?

అయితే ఫలితాలను చదివే తీరులో మనం పొరపాటు పడుతున్నాం. 2015 నుంచి 2018 వరకు ఈ పరీక్ష రాసినవారు 61,708 మంది, పాసైనవారు 8,764 మంది. నూటికి పద్నాలుగు. 2024 డిసెంబరు విడతలో 44,392 మంది రాస్తే 13,149 మంది గట్టెక్కారు, నూటికి దాదాపు ముప్పై. ఆరు నెలలు తిరిగేసరికి, 2025 జూన్‌లో, 36,034 మందిలో 6,707 మందే పాసయ్యారు, నూటికి పందొమ్మిది కూడా లేదు. విదేశీ కాలేజీల ప్రమాణాలు ఆరు నెలల్లో పెరిగి, మరో ఆరు నెలల్లో పడిపోవు కదా. పేపరు మారుతుంది, రాసేవాళ్ల గుంపు మారుతుంది, పాతవాళ్లు ఎన్నోసారి రాస్తున్నారన్నది మారుతుంది. దేశాలవారీ లెక్కలు ఇంకొంచెం చెబుతాయి. 2015 నుంచి 2018 వరకు ఆ నాలుగేళ్లలో చైనాలో చదివినవారిలో నూటికి పన్నెండు మంది లోపే పాసైతే, బంగ్లాదేశ్‌లో చదివినవారిలో ఇరవై ఏడు మంది పాసయ్యారు. మన పాఠ్యక్రమానికి దగ్గరి పాఠ్యక్రమం, మన వార్డుల్లాంటి వార్డులు, మన రోగాల్లాంటి రోగాలు కాబట్టే అనిపిస్తుంది. నేపాల్ దగ్గరికి వచ్చేసరికి ఈ మాట తడబడుతుంది. అక్కడివారిలో పాసైనది నూటికి పద్దెనిమిది మంది లోపే. కాబట్టి దగ్గరి దేశం, దూరపు దేశం అన్న ఒక్క కారణంతో అంతా తేలదు. కాలేజీ ఎలాంటిది, వార్డులో విద్యార్థిని మంచం దాకా రానిచ్చారా, వెళ్లేటప్పటికే విద్యార్థి పునాది ఎంత అన్నవన్నీ కలుస్తాయి. ఒక శాతం పట్టుకుని వేల మందికి ముద్ర వేయడం మాత్రం తగదు.

శాతాల గొడవ కంటే పెద్ద సంగతి ఆ పరీక్ష చూడలేని భాగం. అందులో బొమ్మలుంటాయి, ఎక్స్‌రేలుంటాయి, రోగి కథలు నాలుగేసి వాక్యాల్లో ఉంటాయి, కానీ రోగి ఉండడు. బ్రిటన్‌లో ఇలా బయట చదివి వచ్చినవారికి పెట్టే ప్లాబ్ పరీక్షలో మొదటి భాగం రాత, రెండో భాగం మాంచెస్టరులో చేతల్లో. పదహారు గదుల్లాంటి స్టేషన్లు, ఒక్కోదానిలో ఎనిమిది నిమిషాలు, రోగులుగా నటించే మనుషులు. కడుపు నొప్పి అన్నవాడి కడుపు మీద చెయ్యి ఎలా వేశాడు, చెడ్డ కబురు ఎలా చెప్పాడు అన్నది పరీక్షకుడు పక్కనుండి చూస్తాడు. అమెరికా వాళ్లు చేతల పరీక్షను 2021లో ఎత్తేశారు. అయితే అక్కడ సాధారణంగా రెసిడెన్సీలో ఏళ్ల తరబడి సీనియర్ల కళ్లెదుట పనిచేయకుండా ఎవరికీ పూర్తి లైసెన్సు చేతికి రాదు. అంటే ఎక్కడో ఒకచోట, పరీక్షగానో శిక్షణగానో, కొత్త డాక్టరు చేతిని అనుభవమున్న కన్ను చూసి తీరాలి. మనకు ఎఫ్‌ఎంజీఈలో ఆ కన్ను లేదు. ఉండవలసింది ఇక్కడి ఇంటర్న్‌షిప్‌లో. ఉందా అన్నదే ప్రశ్న.

నియమాల్లో అయితే ఉంది. 2021 ఇంటర్న్‌షిప్ నిబంధనలు 52 వారాలను పంచిపెట్టాయి: కమ్యూనిటీ మెడిసిన్‌కు పన్నెండు వారాలు, గైనకాలజీకి ఏడు, మెడిసిన్‌కు ఆరు, సర్జరీకి ఆరు, పిల్లల విభాగానికి మూడు. క్యాజువాల్టీకి రెండు. మళ్లీ చెబుతున్నాను, రెండే. ఏ విభాగంలో ఏ పని తనంతట తాను చేయగలగాలి, ఏ పనికి సాయపడాలి, దేన్ని చూస్తే చాలు అన్న జాబితా కూడా ఉంది. లాగ్‌బుక్ రాయాలి, పై డాక్టరు చూసి సంతకం పెట్టాలి. పని తృప్తికరంగా లేకపోతే ఆ పోస్టింగు పొడిగించవచ్చు. కాగితం మీద దీనికి వంక పెట్టడానికి లేదు.

ఆసుపత్రిలో ఒకరి లాగ్‌బుక్ తిరగేశాను. పేరు, ఐపీ నంబరు, రోగ నిర్ధారణ, తేదీ, సంతకం గడి. కొన్ని పేజీల్లో సంతకాలన్నీ ఒకే సిరాతో, ఒకే వాలుతో, ఒకే పూట పెట్టినట్టున్నాయి. ఈ అలవాటు మన దగ్గర చదివిన హౌస్ సర్జన్ల పుస్తకాల్లోనూ ఉన్నదే, ఎఫ్‌ఎంజీల కోసం కొత్తగా పుట్టింది కాదు. తేడా ఎక్కడంటే, ఇక్కడ చదివినవాడు రెండో సంవత్సరం నుంచీ ఇలాంటి వార్డుల్లోనే తిరుగుతూ వచ్చాడు. ఇంటర్న్‌షిప్‌లో కొంత జారిపోయినా అంతకుముందు చూసింది కొంత మిగులుతుంది. బయటి నుంచి వచ్చినవాడికి ఈ ఏడాదే మొదలు, ఇదే ముగింపు. పురుగుల మందు తాగి వచ్చిన మనిషిని తీసుకోండి. కంటిపాపలు గుండుసూది మొనంత అవుతాయి, నోట నురగ, ఊపిరితిత్తుల్లో గురగుర. అట్రోపిన్ ఇస్తూ, చాలకపోతే మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. ఎక్కడ ఆపాలన్నది పుస్తకం చెబుతుంది, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి గురగుర తగ్గిందో లేదో వినడం మాత్రం చెవి నేర్చుకోవాలి. పత్తి, మిరప పండే జిల్లాల్లో ఇది అరుదైన కేసు కాదు. బిష్కెక్‌లోనో త్బిలిసిలోనో ఈ చెవి తయారయ్యే అవకాశం ఎంత?

ఇక్కడ రెండో అభ్యంతరం వస్తుంది. వాళ్ల తల్లిదండ్రులు డబ్బు పెట్టి బయట చదివించుకున్నారు, వాళ్లకు నేర్పే భారం ప్రభుత్వాసుపత్రి ఎందుకు మోయాలి, ఇప్పటికే మా పిల్లలకు నేర్పడానికే ప్రొఫెసర్లు చాలడం లేదు అని. న్యాయంగా తోచే మాటే. అయినా క్షేత్రంలో లెక్క ఇంకోలా ఉంది. తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటిలో మొదట చేరిన బ్యాచ్ హౌస్ సర్జన్ దశకు రావడం 2027 మాట. అప్పటిదాకా వాటి ఆసుపత్రుల్లో రాత్రి పూట సెలైన్ ఎక్కించేది, రక్తం తీసేది, కేస్ షీటు రాసేది ఎవరు? కొత్తగా మొదలై ఇంకా గుర్తింపు దశకు రాని కళాశాలల్లో ఎఫ్‌ఎంజీలకు ఇంటర్న్‌షిప్ ఇవ్వవచ్చని నిబంధనలే చెబుతున్నాయి. నేను చూసిన వార్డుల్లో ఆ పనులన్నీ వాళ్ల చేతుల మీదుగానే నడుస్తున్నాయి. కాబట్టి వాళ్లు ఆసుపత్రికి భారమా, ఆసరానా అన్నది ఆ వార్డు సిస్టర్లను అడిగితే తెలుస్తుంది. ఇంటర్న్‌షిప్‌కు వాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదని, ఇక్కడి హౌస్ సర్జన్లతో సమానంగా స్టైపెండ్ ఇవ్వాలని కమిషన్ 2022లోనే చెప్పింది. స్టైపెండులో తేడా చూపకూడదని 2024లో సుప్రీంకోర్టు కూడా అంది. సమానంగా పని తీసుకున్నప్పుడు సమానంగా నేర్పవలసిన బాధ్యత కూడా ఉంటుంది.

దొడ్డిదారి అన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఇక్కడ సీటు రానివాళ్లే కదా బయటికి వెళ్లింది అంటారు. నిజమే, చాలామంది అలా వెళ్లినవాళ్లే. ఏటా నీట్ రాసేది ఇరవై లక్షల పైచిలుకు, అర్హత సాధించేది పన్నెండు లక్షల దరిదాపుల్లో, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు 2024లో లక్షా ఇరవై వేల లోపు. ఆ సీట్లలోనూ దాదాపు సగం ప్రైవేటువి. వాటిలో మేనేజ్‌మెంట్ కోటా ఫీజు కట్టగలిగినవాడికి, కన్వీనర్ కోటా సీటు వచ్చినవాడి కంటే ఎంతో వెనకాల ర్యాంకు ఉన్నా సరే, ఇక్కడే తెల్లకోటు దొరుకుతుంది. అంత ఫీజు కట్టలేని ఇల్లు పొలం అమ్మో, అప్పు చేసో విదేశానికి పంపుతుంది. ఈ రెండు దారుల్లో ఒకదాన్నే దొడ్డిదారి అనడంలో తర్కం లేదు. పైగా బయటి నుంచి వచ్చినవాడు అదనంగా ఒక జాతీయ పరీక్ష రాసి వస్తున్నాడు. అందరికీ ఒకే పరీక్ష పెట్టాలన్న ఉద్దేశంతో 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలో నెక్స్ట్ అనే పరీక్షను పెట్టారు. 2023 జూలైలో దాన్ని వాయిదా వేశారు. అది వస్తే ఈ అభ్యంతరానికి సగం జవాబు దొరుకుతుంది. ఇక్కడివాడు, అక్కడివాడు అన్న తేడా పోయి, ఎంత తెలుసు అన్నదే మిగులుతుంది.

అన్నిటికంటే చిక్కుగా ఉన్నది ఆన్‌లైన్ క్లాసుల తంటా. కరోనా వచ్చాక చైనాలో చదువుతున్నవాళ్లు 2020 మొదట్లో ఇంటికి వచ్చి, 2022 రెండో భాగం దాకా తిరిగి వెళ్లలేకపోయారు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక ఉక్రెయిన్ నుంచి వేల మంది ఆపరేషన్ గంగలో తిరిగి వచ్చారు. అంటే వైద్య విద్యలో రోగి దగ్గర నిలబడవలసిన ఏళ్లు కొందరికి ఫోను తెర ముందు గడిచాయి. 2022 జూలైలో కమిషన్, చివరి ఏడాదిలో ఇరుక్కుపోయినవారిని ఎఫ్‌ఎంజీఈకి అనుమతిస్తూ, ఏడాదికి బదులు రెండేళ్ల ఇంటర్న్‌షిప్ చేయమంది. ఆ తర్వాత కూడా ఒకదాని వెంట ఒకటి వివరణలు వచ్చాయి. ఏ బ్యాచ్‌కు ఏడాది, ఏ బ్యాచ్‌కు రెండేళ్లు, విశ్వవిద్యాలయం ఇచ్చిన పరిహార తరగతుల సర్టిఫికెట్ చెల్లుతుందా చెల్లదా అన్నది మారుతూ వచ్చింది. పాస్‌పోర్టు మీది రాకపోకల ముద్రలు లెక్కపెట్టి ఎన్ని నెలలు క్యాంపస్‌లో ఉన్నాడో తేల్చే పరిస్థితి. 2025లో విజయవాడలో ఎఫ్‌ఎంజీలు పర్మనెంట్ రిజిస్ట్రేషన్ కోసం రోడ్డెక్కింది ఈ నేపథ్యంలోనే.

ఈ విషయంలో నేను పూర్తిగా విద్యార్థుల పక్షాన లేను. రోగి ఒంటి మీద చెయ్యి వేయకుండా రెండేళ్లు గడిపినవాడికి అదనపు శిక్షణ కావాలి. అది శిక్ష కాదు, రోగి హక్కు. తెర మీద చూసి కాన్పు చేయడం ఎవరికీ రాదు. అయితే అదనపు ఏడాదిలో ఏం నేర్పుతారో చెప్పకుండా ఏడాది పెంచితే దానివల్ల రోగికి ఒరిగేదేమిటి? చూడని కన్ను రెండేళ్లున్నా చూడనట్టే. మొదటి ఏడాది సంతకాలు ఒకే పూట పడితే రెండో ఏడాది సంతకాలూ అలాగే పడతాయి. ఏ విభాగంలో ఏ లోటు ఉందో మొదట తేల్చి, ఆ లోటు పూడ్చే పోస్టింగులే ఇస్తే ఆరు నెలలు చాలే మనిషి ఉంటాడు, రెండేళ్లు కావలసిన మనిషీ ఉంటాడు. ఇంకో సంగతి: నిబంధన ఏదైనా చేరేటప్పుడు చెప్పాలి. నడుమ ఆట నియమాలు మారుస్తూ పోతే, ముప్పయ్యో పడికి దగ్గరపడుతున్న మనిషి ఏడాదికోసారి కొత్త గీత దగ్గర నిలబడాలి. అతని ఇంట్లో అప్పు వడ్డీ మాత్రం నిబంధనల కోసం ఆగదు.

కాగితాన్ని మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో చూపిన కేసు ఒకటుంది. ఎఫ్‌ఎంజీఈ పాసవకుండానే 73 మంది విదేశీ పట్టభద్రులు పలు రాష్ట్ర వైద్య మండళ్లలో రిజిస్ట్రేషన్ సంపాదించారన్న ఆరోపణపై 2022 డిసెంబరులో సీబీఐ కేసు నమోదు చేసి దేశమంతా సోదాలు చేసింది. పరీక్ష ఉంది, ఫలితాల జాబితా ఉంది, అయినా ఎవరో ఒకరు సరిచూడకుండా ముద్ర వేశారన్నది ఆ ఆరోపణ సారం. పరీక్ష పాసయ్యాడా లేదా అన్న రెండక్షరాల సంగతే అలా జారిపోగలిగితే, చేతికి పని వచ్చా రాదా అన్న సంగతి ఎంత సులువుగా జారిపోతుందో ఊహించుకోవచ్చు.

ప్రొఫెసర్లకు తీరిక లేదన్నది నిజమైన ఇబ్బందే. ఒకే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఓపీ చూడాలి, రౌండ్లు తిరగాలి, సొంత కాలేజీ పిల్లలకు క్లాసు చెప్పాలి. అందుకని ప్రతి పనికీ పక్కన నిలబడమని ఎవరూ అడగరు. ప్రాణం మీదికి వచ్చే పనులు ఓ ఇరవై ఎంచుకుంటే చాలు: పాముకాటు, పురుగుల మందు, పసిబిడ్డకు ఊపిరి అందించడం, కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం, గుండెనొప్పి ఈసీజీ చదవడం, ఇలాంటివి. ఒక్కోటి కళ్లారా రెండుసార్లు చూశాకే సంతకం. మిగతావి ఇప్పటిలాగే నడవనివ్వండి. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు. జాబితా కమిషన్ నిబంధనల్లోనే ఉంది, ఏరుకోవడమే తరువాయి.

ఆ ఉదయం 7.30కి హౌస్ సర్జన్ గొట్టాన్ని ఒక్కసారి వంచాడు. రక్తం నీళ్లలా ఈ వైపు నుంచి ఆ వైపుకు జారింది. డ్యూటీ డాక్టరు వచ్చి చూసి, పది వయల్స్ యాంటీ వెనమ్ సెలైన్‌లో కలపమన్నాడు. ఒళ్లు దద్దుర్లెక్కితే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలో నింపి ట్రేలో పెట్టించాడు. పెద్దవాళ్లకైనా పిల్లలకైనా మోతాదు ఒకటేనని, పాము మనిషి వయసు చూసి విషం చిమ్మదని చెప్పాడు. కట్లపాము కాటుకు రక్తం మామూలుగానే గడ్డకడుతుంది కాబట్టి గొట్టం ఒక్కటే చూసి నిశ్చింతగా కూర్చోకూడదని, రెప్పలు వాలుతున్నాయేమో గంట గంటకూ చూస్తుండమని హెచ్చరించాడు. అంతా కలిపి నాలుగైదు నిమిషాల పాఠం. హౌస్ సర్జన్ దాన్ని కేస్ షీటు వెనకవైపు రాసుకున్నాడు. అతనికి క్యాజువాల్టీలో మిగిలింది మరో ఆరు రోజులు. జిల్లా ఆసుపత్రుల్లో లాగ్‌బుక్కుల మీద సంతకాలు పెట్టే డాక్టర్లకు ఒక్క మనవి: గొట్టం వంచే వేళకు పక్కన ఉండండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.